ఎదుటివాడి కుడివైపు

3వ తేదీ, సోమవారం. సాయంత్రం 7:40

మొదలుపెట్టేశాను. కొత్త డైరీ, కొత్త పెన్ను, కొత్త నేను.

విషయం ఇది. మా అమ్మాయికి ఫిజిక్స్ యూనిట్ టెస్టులో నలభైకి పదకొండు వచ్చాయి. చదివేది తొమ్మిదో తరగతి. పాఠం పేరు ‘బలాలు, అదిశలు, సదిశలు’. పద్నాలుగో తేదీ శుక్రవారం మళ్ళీ పరీక్ష పెడతారట. అందులో ఇరవై వస్తే పై క్లాసులో సైన్స్ గ్రూపు, రాకపోతే లేదు, వాళ్ళ బళ్ళో రూలు అది. ఇంట్లో పాడైన మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె అన్నీ విప్పుకుని కూర్చునేది ఇదే. దీన్ని తీసుకెళ్ళి వేరే గ్రూపులో పడేస్తే ఎలా ఉంటుందో ఊహించడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

అందుకని నేనే చెబుతానన్నాను. ఇందులో నవ్వడానికేం లేదు. పదహారేళ్ళుగా ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోస్తున్నాను. బలం గురించి నాకు తెలిసినంత ఆ పుస్తకం రాసినాయనకి తెలుసా?

తీర్మానాలు:
ఒకటి. పొద్దున్నే 5:30కి లేచి గంటసేపు ముందు నేను చదవాలి.
రెండు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా అమ్మాయికి చెప్పాలి. ఆ గంటా నా ఫోను మా ఆవిడ దగ్గర ఉండాలి.
మూడు. గొంతు పెంచకూడదు. ‘ఈమాత్రం తెలీదా’ అనే మాట నోట్లోంచి రాకూడదు.

పాఠం మొత్తం ముప్ఫై ఒక్క పేజీలు. రోజుకి నాలుగు లాగిస్తే చాలు, ఆఖర్న రెండు రోజులు మిగులుతాయి కూడా.

మా ఆవిడ కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. మనుషుల్ని అద్దాల పైనుంచి చూడడం ఆవిడకి అలవాటు. నా తీర్మానాలు అలాగే చూసి, "మూడోది డైరీలో రాసుకుంటే చాలదు, గోడకి అతికించండి" అంది.

4వ తేదీ, మంగళవారం. ఉదయం 5:30

లేచాను! అలారం కంటే ఒక నిమిషం ముందే.

ఉదయం 6:25. నాలుగు పేజీలు అయ్యాయి. ఇంత సులువైన దానికి పిల్లలు ఎందుకు భయపడతారో అర్థం కాలేదు. ఎంత అని చెబితే సరిపోయేది అదిశ. కాలం, ఉష్ణోగ్రత, ద్రవ్యరాశి. ఎంత అని మాత్రమే కాకుండా ఎటు అని కూడా చెప్పాల్సింది సదిశ. బలం, వేగం, స్థానభ్రంశం. ‘రెండు గంటలు’ అంటే ఎటువైపు రెండు గంటలని ఎవరూ అడగరు. ‘గట్టిగా తొయ్యి’ అంటే మాత్రం ఎటు అని అడగాల్సిందే. అడక్కుండా తోస్తే గోడకి బొక్క పడుతుంది. మాకు రెండుసార్లు పడింది.

సాయంత్రం 8:05. అమ్మాయికి చెప్పాను. ఉదాహరణ నాదే. ఇవాళ మా వ్యాన్ నలభై రెండు కిలోమీటర్లు తిరిగి మళ్ళీ మా గుమ్మం ముందుకే వచ్చింది. తిరిగిన దూరం నలభై రెండు, అది అదిశ. స్థానభ్రంశం సున్నా, అది సదిశ. బయల్దేరిన చోటికే వచ్చాం కాబట్టి.

"భలే చెప్పావ్ నాన్నా" అంది. ఛాతీ ఉబ్బిపోయింది. ఫోన్ చేసి మా బావమరిదికి కూడా చెప్పాను. వాడు నాతోపాటే మోస్తాడు. "రోజంతా నడుం విరగ్గొట్టుకుంటే సున్నానా బావా? ఆ పుస్తకం మనకొద్దు" అన్నాడు.

5వ తేదీ, బుధవారం. ఉదయం 5:34

లేచాను. నాలుగు నిమిషాలు లెక్కలోకి రావు.

సాయంత్రం 8:10. ఈ రోజు అసలైన సరుకు. ఒక పెట్టె మీద కుడివైపు 50 న్యూటన్ల బలం, ఎడమవైపు 30 న్యూటన్ల బలం. న్యూటన్ అంటే బలానికి కొలత. ఒకే గీత మీద ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి తీసేయాలి. నికర బలం 20, కుడివైపు. బాణం గీసి చూపించాను.

"నాన్నా, బాణం ఎడమవైపు వేశావ్" అంది అమ్మాయి.

"అది ఎదుటివాడి కుడి తల్లీ."

అప్పుడు కూర్చోబెట్టి మా పద్ధతి చెప్పాను. బీరువా మోసేటప్పుడు ఇద్దరం ఎదురెదురుగా ఉంటాం. ఒకడు వెనక్కి నడుస్తాడు, వాడికి దారి కనిపించదు. రెండోవాడు దారి చూస్తూ కేకేస్తాడు. ‘కుడికి’ అంటే ఎప్పుడూ వెనక్కి నడిచేవాడి కుడికే. పదహారేళ్ళుగా కేకేసేది నేను. నా కళ్ళకి ఎడమవైపు కనిపించేదాన్ని నా నోరు కుడి అంటుంది. అలా అనకపోతే బావమరిది ఈపాటికి ఏ మెట్ల మీదో పడి ఉండేవాడు.

"పుస్తకంలో అలా లేదే" అంది.

"పుస్తకం రాసినాయన బీరువా మోశాడా? దిశ అనేది ఎప్పుడూ ఎదుటివాడి కళ్ళతో చూడాలి. గుర్తు పెట్టుకో."

నోట్సులో రాసుకుంది. పెట్టె కట్టి మరీ రాసుకుంది. చక్కటి పిల్ల.

6వ తేదీ, గురువారం. ఉదయం 5:50

లేచాను. చదవడానికి టైం లేదు గానీ ప్రయోగం చేద్దామనుకున్నాను. చూసింది మర్చిపోరు కదా.

సాయంత్రం 7:50. ఒకే గీత మీద లేని బలాల సంగతి. పాత పుస్తకాల పెట్టెకి రెండు తాళ్ళు కట్టి హాలు మధ్యలో పెట్టాం. నేను కిటికీ వైపు, బావమరిది వంటింటి వైపు. లంబకోణం. లాగితే పెట్టె నా దగ్గరికీ రాలేదు, వాడి దగ్గరికీ పోలేదు, ఇద్దరి మధ్యలోంచి ఐమూలగా బయల్దేరింది. వాడిది 300 న్యూటన్లు, నాది 400 అనుకుంటే కలిపితే 700 కాదు, 500. ఇద్దరూ ఒకేవైపు లాగితేనే 700. ఇది నాకు పుస్తకం చెప్పక్కర్లేదు. పక్కకి లాగే బావమరిదితో పదహారేళ్ళు పని చేశాను.

అమ్మాయి చప్పట్లు కొట్టింది. పెట్టె మాత్రం ఆగకుండా పోయి చెప్పుల స్టాండుని గుద్దింది. స్టాండు మీద మా ఆవిడ పూలకుండీ ఉంది. ఉండేది.

"ఫలిత బలం ఎటుందో అర్థమైందా?" అంది మా ఆవిడ, చీపురు నా చేతికిస్తూ.

7వ తేదీ, శుక్రవారం. ఉదయం 7:10

లేవలేదు. నిన్న చీపురు, చేట, మళ్ళీ మట్టి. అలసట వచ్చింది.

సాయంత్రం 7:30. ఇవాళ నాలుగో అంతస్తు, లిఫ్టు చెడిపోయింది. వచ్చి సోఫాలో పడుకుని పుస్తకం తెరిచాను. లేచేసరికి పుస్తకం ఛాతీ మీద ఉంది. భూమి పుస్తకాన్ని కిందికి లాగుతుంటే నా ఛాతీ దాన్ని అంతే బలంతో పైకి తోస్తోందన్నమాట. రెండూ సమానం, పుస్తకం కదల్లేదు, నేనూ కదల్లేదు. బల్ల మీద పుస్తకానికీ ఇదే సూత్రం. కాబట్టి ఒక విధంగా ఈరోజు పాఠం అయినట్టే.

అమ్మాయి తనంతట తానే లెక్కలు చేసుకుంటోంది. ప్రతి బాణం మా పద్ధతిలోనే వేస్తోంది. చూసి ముచ్చటేసింది.

8వ తేదీ, శనివారం. సాయంత్రం 7:15

పొద్దున సంగతి అడగొద్దు.

ఫ్రిజ్ అరవై కిలోలు అంటే అది బరువు కాదట, ద్రవ్యరాశి అట. బరువు అంటే భూమి దాన్ని లాగే బలం, ఇంచుమించు 600 న్యూటన్లు, కిందివైపు. ఇన్నేళ్ళూ నేను మోసింది న్యూటన్లనన్నమాట. బావమరిదికి చెప్తే, "అందుకే అంత నొప్పి" అన్నాడు. అమ్మాయికి చెప్పాల్సింది నేను. అదే నాకు చెప్పింది. అంటే నేర్చుకుంటోంది కదా, మంచిదే.

ఫోన్ మా ఆవిడకి ఇవ్వడం మర్చిపోయాను. మ్యాచ్ ఉంది.

9వ తేదీ, ఆదివారం

సెలవు. ఒంటికి విశ్రాంతి ఇవ్వకపోతే చదివింది తలకెక్కదు. తొమ్మిదో పేజీలో ఉన్నాను. మిగిలినవి ఇరవై రెండు. రోజుకి ఐదు చొప్పున చదివితే ఇప్పటికీ సరిపోతుంది, ఇంచుమించు.

10వ తేదీ, సోమవారం. సాయంత్రం 8:20

గోడకి అతికించాల్సింది.

ఇవాళ బళ్ళో వాళ్ళ ఫిజిక్స్ మేడమ్ ప్రాక్టీసు పేపర్ పెట్టిందట. అందులో రానిదాన్ని అమ్మాయి ఇంటికి తెచ్చి నన్ను అడిగింది. ఒకే చోట మూడు బలాలు, మూడు వైపులకి. చూశాను. తిప్పి చూశాను. నీళ్ళు తాగొచ్చి చూశాను.

"నాన్నా, ముందు ఏ రెండింటిని కలపాలి?"

"ఆలోచించు."

"ఆలోచించాను. రాలేదు."

"ఎనిమిది రోజుల్నుంచి చెబుతున్నా, ఈమాత్రం తెలీదా నీకు? బుర్ర ఎక్కడ పెట్టుకున్నావ్?"

కిటికీ అద్దాలు అదిరేలా అరిచాను. ఎనిమిది రోజులు కూడా కాదు, నేను చెప్పింది మూడు రోజులే. పిల్ల పెన్సిల్ డబ్బాలో పెట్టుకుని, పుస్తకం మూసి, గదిలోకి వెళ్ళిపోయింది.

ఇది ఇక్కడ మాత్రమే రాస్తున్నాను. దానికి రానందుకు కాదు, నాకు రానందుకు అరిచాను.

11వ తేదీ, మంగళవారం. సాయంత్రం 6:30

ప్రాక్టీసు పేపర్ దిద్ది ఇచ్చారు. నలభైకి పద్నాలుగు.

అమ్మాయి చూపించలేదు. బ్యాగులోంచి జారి పడితే మా ఆవిడ తీసి నా ముందు పెట్టింది. రానివి వదిలేసింది, రాసిన లెక్కల్లో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. 20 అంటే 20, 15 అంటే 15. బాణాలు మాత్రం కుడికి వెళ్ళాల్సినవన్నీ ఎడమకి, ఎడమకి వెళ్ళాల్సినవన్నీ కుడికి. ప్రతి బాణం మీదా ఎర్ర గీత. దిశల కోసమే పోయినవి తొమ్మిది మార్కులు. కింద మేడమ్ రాసింది: ‘అన్ని దిశలూ తారుమారు. ఇలా ఎవరు నేర్పారు?’

నేనే నేర్పాను. పెట్టె కట్టి మరీ రాసుకుంది, నా మాట.

"ఇంట్లో మీరు కుడి అల్మారా అంటే నేను ఎడమది తెరుస్తాను, పెళ్ళయిన మొదటి నెలలోనే అర్థమైంది నాకు. దానికేం తెలుసు? నాన్న చెప్పాడని నమ్మింది" అంది మా ఆవిడ.

నా తప్పుకి దానికి తొమ్మిది మార్కులు పోయాయి, పైగా నిన్న తిట్లు కూడా తింది. సిగ్గేసింది.

12వ తేదీ, బుధవారం

వ్యాన్ సర్వీసింగుకి ఇచ్చాను. ఆలస్యమైంది, అందుకే పాఠం కుదరలేదు.

వ్యాన్ బాగానే ఉంది. సర్వీసింగ్ లేదు. వీధి చివర బండి ఆపుకుని గంటన్నర కూర్చున్నాను.

13వ తేదీ, గురువారం. సాయంత్రం 7:45

రేపే పరీక్ష. అమ్మాయి హాల్లో కూర్చుని పాత లెక్కలన్నీ మళ్ళీ చేస్తోంది. బాణం చెరపడం, తిప్పి గీయడం. ఇరవై ఏడు లెక్కలు. నేను తొమ్మిదో పేజీ దాటలేదు, అది ముప్ఫై ఒకటో పేజీలో ఉంది.

పక్కన కూర్చున్నాను. "నేను చెప్పింది తప్పు. సోమవారం అరిచింది అంతకన్నా తప్పు" అన్నాను. ఇంతకంటే బాగా చెప్పాలని రెండ్రోజులుగా అనుకుంటున్నాను, వచ్చింది ఇంతే.

తలెత్తకుండానే, "పెన్సిల్ చెక్కిపెట్టు నాన్నా" అంది.

నాలుగు చెక్కాను. పాఠం చెబుతానన్న మనిషి మొత్తానికి చేసిన సాయం నాలుగు పెన్సిళ్ళు.

14వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 5:00

పరీక్ష అయింది. "బానే రాశా" అంది. మొహం చూస్తే మాత్రం ఏదో దాస్తున్నట్టుంది. నేను గుచ్చి అడగలేదు. అడిగే హక్కు ఈ వారానికి అయిపోయింది.

17వ తేదీ, సోమవారం. సాయంత్రం 6:15

పంతొమ్మిది.

ఇరవై కావాలి. వచ్చింది పంతొమ్మిది.

పేపరు మొత్తం తిరగేశాను. దిశలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఎనిమిదో ప్రశ్న దగ్గర నాలుగు మార్కులకి సున్నా. ప్రశ్న చాలా తేలిక: నున్నని నేల మీద 40 కిలోల పెట్టెని 100 న్యూటన్ల బలంతో నెడుతున్నారు, ఘర్షణ లేదనుకోండి, త్వరణం ఎంత? అంటే దాని వేగం సెకనుకి ఎంత చొప్పున పెరుగుతుందని. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే అయిపోతుంది. నాకే తెలుసు.

మా అమ్మాయి పెట్టె బొమ్మ గీసి, నెట్టే బాణం వేసి, దానికి ఎదురుగా ఇంకో బాణం వేసి, ‘ఘర్షణ’ అని రాసింది. కింద ఒకే వాక్యం: ‘ఘర్షణ లేని నేల ఉండదు కాబట్టి దాని విలువ ఇస్తేనే జవాబు వస్తుంది.’

"లేదనుకోమని ప్రశ్నలోనే ఉంది కదమ్మా" అన్నాను, గొంతు వీలైనంత కిందికి దించి.

"చూశాను."

"చూసి కూడా?"

కాసేపు పెన్సిల్ డబ్బా మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది. "నువ్వు సాయంత్రం వచ్చి మోకాళ్ళకి నూనె రాసుకుంటావ్ కదా. నువ్వూ మామయ్యా ఇద్దరూ నెట్టినా కదలని బీరువాలు నేను చూశాను. నేల పట్టుకుంటుంది. అది లేదని రాయబుద్ధి కాలేదు నాన్నా" అంది.

వ్యాన్‌లో ఏదో మర్చిపోయానని చెప్పి కిందికి వచ్చేశాను. ఏమీ మర్చిపోలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నాలుగు మార్కుల ప్రశ్నలో నా మోకాళ్ళు ఎందుకమ్మా నీకు.

18వ తేదీ, మంగళవారం. మధ్యాహ్నం 1:00

బడికి వెళ్ళాను. ఫిజిక్స్ మేడమ్ స్టాఫ్ రూంలో పేపర్ల మధ్య ఉంది. నా కంటే చిన్నది, అయినా నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ బాణాలు ఎవరు నేర్పారో అడిగారట. నేనేనండి" అన్నాను.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మీరా? ‘నేనే కన్‌ఫ్యూజ్ అయ్యాను మేడమ్’ అందే! నాలుగుసార్లు అడిగాను, అదే చెప్పింది" అంది.

ఎనిమిదో ప్రశ్న గురించి అడిగాను. "క్లాసులో ఆ బాణం వేసింది మీ అమ్మాయి ఒక్కతే. దిశ కూడా సరిగ్గా వేసింది, కదలికకి ఎదురుగా. కానీ నేను అడిగింది అది కాదండి. మార్కు వేయలేను. ఒకటి రెండు మార్కుల్లో పోయినవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళకి శుక్రవారం ఇంకొక్క పేపర్ ఇస్తాను. అదే ఆఖరు. లేదనుకోమన్నప్పుడు లేదనుకోమని మీరు చెప్పండి. నేను చెబితే వినడం లేదు."

సరే అన్నాను. బయటికి వచ్చాక ఎలా చెప్పాలో తెలియక బడి గేటు దగ్గరే పావుగంట నిలబడ్డాను.

19వ తేదీ, బుధవారం. మళ్ళీ మొదటి రోజు. ఉదయం 5:30

5:30 అని రాశాను గానీ 5:50. డైరీలో అయినా నిజం రాద్దాం.

కొత్త తీర్మానాలు:
ఒకటి. నాకు రానిదాన్ని రాదని చెప్పాలి.
రెండు. గొంతు సంగతి. గోడకి అతికించాను.
మూడో తీర్మానం ఏదో ఉండాలి, తట్టలేదు.

సాయంత్రం 7:00. బల్లకి ఇటు నేను, అటు అమ్మాయి. ఎనిమిదో ప్రశ్న మధ్యలో.

"లేదనుకో అంటే లేదని కాదు తల్లీ. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనేం చేస్తానో తెలుసా? గది నిండా సామాను ఉన్నా సరే, ముందు ఖాళీ గది అనుకుని కొలుస్తాను. గుమ్మం ఇంత, గోడ ఇంత, బీరువా తిరుగుతుందా లేదా. అది తేలాక మంచం ఎక్కడ అడ్డొస్తుంది, కుర్చీలు ఎక్కడ పెట్టాలి అని చూస్తాను. మొదటే అన్నీ బుర్రలో పెట్టుకుంటే ఒక్క కొలతా రాదు."

"అంటే ఘర్షణ తర్వాత కలుపుతారా?"

"పై క్లాసులో కలుపుతారట. మేడమ్ చెప్పింది. ఆ పై క్లాసుకి వెళ్ళాలంటే ముందు ఇది రాయాలి."

ఆలోచించింది. ఎదురు బాణాన్ని నెమ్మదిగా చెరిపింది. 100ని 40తో భాగించింది. రెండున్నర. చెరిపిన చోట కాగితం కాస్త నల్లగా మిగిలింది. దాన్నే చూస్తూ, "నీకేం అనిపించట్లేదా నాన్నా?" అని అడిగింది.

"నా మోకాళ్ళు నేను చూసుకుంటాను. నువ్వు రెండున్నర రాయి."

రాసింది. తర్వాతి లెక్క కూడా చేసింది, ఆ తర్వాతిది కూడా. నేను తలూపుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు ఎంతదాకా చదువుకున్నావ్ నాన్నా?"

ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రానిదాన్ని రాదని చెప్పాలని పొద్దున్నే రాసుకున్నాను కాబట్టి చెప్పేశాను. "ఎనిమిది. తొమ్మిదిలో చేరాను గానీ పుస్తకాలు కొనకముందే పనిలో పెట్టారు."

అమ్మాయి నోట్‌బుక్‌లోంచి మధ్య కాగితం జాగ్రత్తగా చింపి నా ముందు పెట్టింది. తన పెన్సిల్ నాకిచ్చి, డబ్బాలోంచి ఇంకోటి తీసుకుంది. పుస్తకాన్ని ఇద్దరికీ కనిపించేలా బల్ల మధ్యకి జరిపి, పదకొండో లెక్క మీద వేలు పెట్టింది.

"శుక్రవారం నేను పాసై వెళ్ళిపోతాను. నువ్వొక్కడివే ఇక్కడ ఉండిపోతే ఎలా? చెయ్" అంది.

పదో పేజీ. చేస్తున్నాను.